రాజ్యం ముందు కూలేది గూడెంలో



మొన్నొక ఆదివారం ఒక తమ్మునితో కలిసి పాతబస్తీ పోయిన. ఉట్నూరు దిక్కు గూడెం నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న పిల్లగాడు. చార్మినార్ చూసినం, చౌమహల్లా చూసినం, చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ పోయినం. రోడ్డు పక్కన జాంపండ్లు కొనుక్కొని తినుకుంటూ బాలాపూర్ దిక్కు బయలుదేరినం. దారి పొడుగునా నేను వానికి ఆ జాగల కథలు చెప్పుకుంటూ పోయిన. బార్కస్ అంటే బ్యారక్స్. నిజాం కొలువులో ఉన్న అరబ్బు సిపాయిల లైన్లు. వాళ్ల తాతముత్తాతలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినోళ్లు. ఇంకొంచెం ముందుకు పోతే బాలాపూర్ చుట్టుపక్కల బస్తీల్లో రోహింగ్యాలు ఉంటున్నరు. మయన్మార్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చినోళ్లు. నిజాం రాజ్యం కూలింది, యెమెన్ కూలింది, మయన్మార్ కూలుతున్నది. మూడు కథలూ ఒక్క సాయంత్రం నడకలో దొరుకుతయి ఇక్కడ.

వాడు అంతా విని ఒక మాట అడిగిండు. "అన్నా, కూలింది కూలింది అంటున్నవు. కూలితే కూలనీ. రాజ్యం ఎన్నడన్నా మనదైందా? మన భూమి గుంజుకున్నది అదే, మన మీద కేసులు పెట్టింది అదే. అది కూలితే మనకేం పోతది?"

అప్పుడు నాకు సరైన జవాబు దొరకలేదు. ఈ ప్రశ్న వాడొక్కడిది కూడా కాదు. మన యువకుల్లో చాలామంది మనసులో ఉన్నదే, బయటికి అనరంతే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్న.

నా అభిప్రాయం ముందే చెప్తా. రాజ్యం కూలడం మనకు విముక్తి కాదు, కూలినప్పుడు ముందు నలిగేది మనమే. అయితే రాజ్యాన్ని కాపాడతామని వచ్చేవాళ్లు రాజధానిని, ఖజానాను, కుర్చీని మాత్రమే కాపాడుతున్నంత కాలం అది నిలబడదు. రాజ్యం పగుళ్లు పట్టేది అంచుల్లో. కాపాడే పని కూడా అక్కడే మొదలవ్వాలి. దీనికి సాక్ష్యం ఎక్కడో ఆఫ్రికాలో వెతకక్కరలేదు. మేము నడిచిన పాతబస్తీయే చాలు.

ప్రపంచం కొలిచే తీరు

అమెరికాలో ఫండ్ ఫర్ పీస్ అనే సంస్థ ఉంది. 2005 నుంచి ప్రపంచ దేశాల జాబితా ఒకటి వేస్తూ వస్తోంది. మొదట్లో దాని పేరు 'విఫల రాజ్యాల సూచీ'. 2014లో 'పెళుసు రాజ్యాల సూచీ' అని మార్చారు. పెళుసు అంటే దెబ్బ తగిలితే పగిలిపోయేది అని. మొత్తం 12 అంశాలు, ఒక్కోదానికి 10 మార్కులు, కలిపితే 120. మన పరీక్షలకు ఉల్టా. ఎన్ని ఎక్కువ మార్కులు వస్తే ఆ దేశానికి అంత గండం ఉన్నట్టు. సోమాలియా, యెమెన్, దక్షిణ సూడాన్ లాంటివి పై వరుసలో కనిపిస్తుంటాయి.

అందులో వాళ్లు అడిగే ప్రశ్నలు మంచివే. పోలీసులు ఎవరి మాట వింటున్నారు? బడి, దవాఖాన జనానికి అందుతున్నాయా? ఒక జాతికి ఇంకో జాతి మీద కోపం ఎంత పేరుకుంది? ఎంతమంది ఇళ్లు విడిచి పారిపోతున్నారు? ఇవన్నీ అడగాల్సినవే. నా అభ్యంతరం ఒక్కటే. జవాబు దేశం మొత్తానికి కలిపి ఒకే అంకెగా వస్తుంది. హైటెక్ సిటీ అద్దాల మేడల్నీ, వానకాలం వాగు పొంగితే నిండు గర్భిణిని మంచం మీద మోసుకొచ్చే గూడేన్నీ కలిపి ఒకే సగటు కడితే ఆ అంకె ఎవరి గురించి చెప్తున్నట్టు? సగటులో మనం కనపడం. కనపడని చోటే రాజ్యం ముందు పగులుతుంది.

పైన పటారం, లోన లొటారం

ఆ సూచీ 1937లోనే ఉండి ఉంటే నిజాం హైదరాబాద్‌కు ఏ ఢోకా లేదని చెప్పేదేమో. ఆ ఏడాది అమెరికా టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బొమ్మ అట్ట మీద వేసింది. రాజ్యం 82 వేల చదరపు మైళ్లు. జనం కోటీ 60 లక్షలు. సొంత రూపాయి, సొంత రైలు, సొంత పోస్టు, సొంత సైన్యం. చౌమహల్లా దర్బారులో ఆ దీపాల గుత్తులు ఇప్పటికీ వేలాడుతూనే ఉన్నాయి, టికెట్ కొనుక్కొని చూసి రావచ్చు.

ఆ దీపాల వెలుగు ఎంత దూరం పోయింది? రాజ్యంలోని భూమిలో దాదాపు 40 శాతం జాగీర్ల కిందా, నిజాం సొంత ఖర్చులకు పెట్టుకున్న సర్ఫ్-ఎ-ఖాస్ కిందా ఉండేది. అక్కడ రెవెన్యూ చట్టం నేరుగా నడిచేది కాదు. మిగతా చోట్ల కూడా ఊరికి సర్కారు అంటే దేశ్‌ముఖ్, పటేల్, పట్వారీ. అడవిలో సర్కారు అంటే జంగ్లాతోడు. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జుర్మానా. అడవి చుట్టూ రిజర్వు గీతలు గీసి, తరతరాలుగా దున్నుకుంటున్న వాళ్లనే ఆక్రమణదారులు అన్నారు. అర్జీ రాయడం తెలిసిన బయటోళ్లకు మాత్రం పట్టాలు వచ్చాయి.

తర్వాతి కథ మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. కొమురం భీం 12 ఊళ్ల కోసం ముందు అర్జీలే పెట్టుకున్నడు. హైదరాబాద్ దాకా వచ్చిండని, దర్బారు గడప దాటనియ్యలేదని మన పెద్దలు చెప్తరు. 1940లో జోడేఘాట్ గుట్ట మీద పోలీసుల తూటాలకు పడిపోయిండు.

చరిత్ర పుస్తకాలు నిజాం రాజ్యం 1948లో కూలిందంటాయి. జోడేఘాట్‌లో అది 1940లోనే కూలిపోయింది. అర్జీ తీసుకునేవాడు లేక, న్యాయం చెప్పేవాడు లేక, రాజ్యం దగ్గర తుపాకీ ఒక్కటే మిగిలిన రోజున ఆ ఊరికి రాజ్యం లేనట్టే లెక్క. 1946 జూలైలో కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయినప్పుడు అక్కడ కూలింది. ఆ తర్వాత నల్గొండ, వరంగల్ పల్లెల్లో ఒక్కొక్కటే కూలుకుంటూ వచ్చింది. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడే నాటికి పల్లెలో సర్కారు అనేది పేరుకు కూడా లేదు. ఆఖరున, అందరికంటే ఆఖరున, ఆ కూలిన శబ్దం చౌమహల్లాకు వినపడింది.

కాపాడే ప్రయత్నాలు రెండు రకాలు

ఆ రాజ్యాన్ని నిలబెట్టడానికి ప్రయత్నాలు జరగలేదని కాదు. జరిగాయి. అవి రెండు రకాలు, రెండూ తెలుసుకోవాలి.

మొదటిది అడవి వైపు జరిగింది. భీం చనిపోయాక ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఒక పరాయి దేశపు పండితుణ్ణి వాడుకుంది. ఆస్ట్రియా దేశస్థుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. మనోళ్లకు హైమన్‌డార్ఫ్ దొర. ఆయన మార్లవాయిలో మన గోండుల మధ్య ఉండి చూశాడు, భూమి పోవడమే అసలు రోగమని రాశాడు. గోండు పిల్లలకు గోండీలో చదువు చెప్పే పంతుళ్లను తయారుచేసే పని మార్లవాయిలోనే మొదలైంది. కొంతమందికి భూమి పట్టాలు వచ్చాయి. 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ తెచ్చారు, ఫసలీ లెక్కన 1356. ఆయన భార్య బెట్టీ సమాధి ఈనాటికీ మార్లవాయిలో ఉంది, తర్వాత ఆయన అస్థికలు కూడా తెచ్చి పక్కనే పెట్టారు. దొరల కాలంలో వచ్చిన ఒక దొరను మన జనం ఎందుకు గుర్తు పెట్టుకున్నరో ఆలోచించండి. ఆ ప్రయత్నం గూడెం దాకా వచ్చింది కాబట్టి.

కానీ తేదీలు చూడండి. భీం అమరత్వం 1940. చట్టం 1946. రాజ్యం కూలింది 1948. ఆ చట్టాన్ని అమలు చేసే రూల్స్ వచ్చింది 1949. అంటే చట్టం చేసిన రాజ్యమే పోయాక దానికి రూల్స్ వచ్చాయి. మంచి మందే, రోగి పోయాక తెచ్చారు.

రెండో రకం ప్రయత్నం బయటి ప్రపంచం వైపు జరిగింది. దానికి మాత్రం డబ్బూ, తొందరా దేనికీ కొదవ లేదు. 1947 నవంబర్ 29న ఢిల్లీతో ఏడాది పాటు యథాతథ ఒప్పందం చేసుకున్నారు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. 1948 ఆగస్టు 21న హైదరాబాద్ సర్కారు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో ప్రతినిధులు పారిస్ పోయారు. సెప్టెంబర్ 13న ఇండియా సైన్యం నలుదిక్కుల నుంచీ లోపలికి వచ్చింది. సెప్టెంబర్ 16న పారిస్‌లో భద్రతా మండలి ఈ సమస్యను చేతిలోకి తీసుకుంది. సెప్టెంబర్ 17న నిజాం చేతులెత్తేశాడు. ఆ తర్వాత ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని కబురు పంపాడు.

పారిస్‌లో జరిగిన వాదన అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. హైదరాబాద్ స్వతంత్ర రాజ్యమా, కాదా? ఈ ఫిర్యాదు వినే అధికారం మండలికి ఉందా, లేదా? జోడేఘాట్‌లో ఏం జరిగింది, కడవెండిలో ఏం జరిగింది అని అడగడానికి ఆ హాల్లో మనవాళ్లెవరూ లేరు. రాజ్యం అంటే ప్రపంచానికి జెండా, సరిహద్దు, సీటు. అంతే.

ఇంకో ముచ్చట. అదే సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఖజానా నుంచి 10 లక్షల పౌండ్లకు పైగా సొమ్ము లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మళ్లించారు. రాజ్యం పోయింది, రాజు పోయిండు, ఆ డబ్బు మాత్రం బ్యాంకులో 70 ఏళ్లు పెరుగుకుంటూ కూర్చుంది. 2019 అక్టోబర్‌లో లండన్ హైకోర్టు తీర్పు చెప్పే నాటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. ఇండియా సర్కారుకూ నిజాం వారసులకూ చెందుతుందని తేల్చారు. ఖజానాను కాపాడటంలో ప్రపంచానికి ఎంత ఓపిక ఉంటుందో దీన్ని బట్టే తెలుస్తుంది. మన పోడు పట్టా అర్జీ ఫైలుకు అంత ఓపిక ఎవరన్నా పెట్టిండ్రా?

బరువు ఎవరి మీద పడింది

ఇప్పుడు తమ్ముని ప్రశ్నకు వస్తా. కూలితే మనకేం పోతది అన్నడు.

నిజాం రాజ్యం ఉండిపోవాల్సింది అని నేను అనడం లేదు. జాగీర్లు పోవాల్సిందే, వెట్టి పోవాల్సిందే. పోయినయి, మంచిదే. కానీ ఆ కూలిన గోడ కింద ఎవరు పడ్డారో చూడాలి. నిజాం పడలేదు. ఆయన 1950 నుంచి 1956 దాకా రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నాడు. ఊళ్లు విడిచి పారిపోయిన దొరలు చాలామంది పడలేదు. టోపీ మార్చి మళ్లీ ఊళ్లకు వచ్చారు.

పడ్డది ఎవరంటే, మరాఠ్వాడా, కర్ణాటక వైపు జిల్లాల్లోని సామాన్య ముస్లింలు. పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఆ ఊళ్లు తిరిగి, పోలీస్ యాక్షన్ సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. పడ్డది పాతబస్తీలోని చిన్న చిన్న కొలువుల వాళ్లు. సైన్యం రద్దయింది, జాగీర్ల మీద బతికే గుమాస్తాలు, బంట్రోతులు, కారీగర్లు రోడ్డున పడ్డారు. అరబ్బు, పఠాన్ సిపాయిలను వేల మందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టారు, చాలామందిని దేశం దాటించారు. కొందరు ఇక్కడే పుట్టినోళ్లు. తాతలు వచ్చిన దేశానికి పొమ్మన్నారు.

మన సంగతి? పోరాటం గోదావరి అడవుల్లోకి జరిగినప్పుడు సైన్యం వెనకాలే వచ్చింది. గెరిల్లాలకు అన్నం దొరకొద్దని కోయ గూడేలను ఖాళీ చేయించి, తగలబెట్టి, జనాన్ని తీసుకపోయి క్యాంపుల్లో పెట్టారని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో రాశారు. అటు ఆదిలాబాద్‌లో రోడ్డు పడింది, రోడ్డు వెంట వలసలు వచ్చాయి. చేతికొచ్చిన పట్టాలు అప్పుల కిందా, మోసాల కిందా మళ్లీ జారిపోయాయి. హైమన్‌డార్ఫ్ 1970లలో మళ్లీ వచ్చి చూసి, తాను భూమి ఇప్పించిన వాళ్ల భూమి పోయిందని 1982లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకం రావడానికి ముందు ఏడాది, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో సభకు పోతున్న మనోళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. మన లెక్క ఆ స్తూపం దగ్గరకు పోయి ముసలోళ్లను అడగండి.

రాజ్యం మారింది, జెండా మారింది, రాజ్యాంగం వచ్చింది, ఐదో షెడ్యూల్ వచ్చింది. 1940కీ 1981కీ మధ్య అంచుల్లో మారింది ఎంత? కూలినంత మాత్రాన న్యాయం పుట్టదు తమ్మీ. కూలిన చోట ఖాళీ పుడుతుంది. ఆ ఖాళీలోకి ముందు పరుగెత్తుకొచ్చేది తుపాకీ ఉన్నోడు, డబ్బు ఉన్నోడు, కాగితం రాయడం తెలిసినోడు. మనం కాదు.

బయటి దేశాల్లో ఏం జరిగింది

బార్కస్ వైపు మళ్లీ చూద్దాం. నిజాం కొలువులో జమేదారుగా పనిచేసిన అల్ కుఐతీ కుటుంబం ఇక్కడి సంపాదనతో హద్రమౌత్‌లో ఒక సొంత రాజ్యమే నిలబెట్టుకుంది. ఆ రాజ్యం 1967లో పోయింది. అది కలిసిన యెమెన్ 2014 తర్వాత అంతర్యుద్ధంలో ముక్కలైంది. పెద్ద దేశాలు యెమెన్‌లో సంధి చర్చలు ఒక చేత్తో, ఆయుధాల అమ్మకం ఇంకో చేత్తో చేశాయి.

అఫ్గానిస్తాన్ చూడండి. 20 ఏళ్లు, లెక్కలేనన్ని డాలర్లు. అక్కడి అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ మామూలోడు కాదు, విఫల రాజ్యాలను ఎలా బాగుచేయాలో 2008లో ఇంకొకరితో కలిసి పుస్తకం రాసిన పండితుడు. 2021 ఆగస్టు 15న తాలిబాన్ కాబూల్ గడపకు రాగానే విమానం ఎక్కి వెళ్లిపోయాడు. పుస్తకంలో తప్పుందని కాదు. రాజధానిలో మంత్రిత్వ శాఖలు కట్టారు, జిల్లా దాటి పల్లెకు పోతే లంచం లేకుండా తీర్పు చెప్పేవాడు దొరకలేదు. పల్లెలు ముందే పోయాయి. కాబూల్ ఆఖరున పోయింది. మన చౌమహల్లా కథే.

హైతీ చూడండి. శాంతి కాపాడటానికి పోయిన ఐక్యరాజ్యసమితి దళం క్యాంపు మురుగు నదిలో కలిసి 2010లో కలరా పుట్టింది. దాదాపు 10 వేల మంది చనిపోయారు. క్షమాపణ చెప్పడానికి 2016 డిసెంబర్ దాకా పట్టింది. మయన్మార్ చూడండి. 1982 పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలను లెక్కలో నుంచే తీసేశారు. 2017లో 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అక్కడ తాము పనిచేసిన తీరులో వ్యవస్థ మొత్తంగా విఫలమైందని ఐక్యరాజ్యసమితి చేయించిన సమీక్షే 2019లో ఒప్పుకుంది.

అయితే అన్నీ ఇలాగే లేవు. రెండు ఉదాహరణలు మన యువత తప్పక చదవాలి.

ఒకటి సోమాలీలాండ్. 1991లో సోమాలియా రాజ్యం కుప్పకూలాక ఉత్తరాన ఉన్న తెగల పెద్దలు 1993లో బొరామా అనే ఊళ్లో నెలల తరబడి కూర్చున్నారు. చెట్టు కింద పంచాయితీ లాంటిదే. ఎవరి పశువులు ఎవరికి, ఎవరి చావుకు ఎవరు పరిహారం, తుపాకులు ఎవరికి అప్పగించాలి, అన్నీ అక్కడే తేల్చుకున్నారు. ఖర్చులో ఎక్కువ భాగం అక్కడి జనం, వ్యాపారులే పెట్టుకున్నారు. మన రాయి సెంటర్లు తెలిసినోళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. దాంట్లో లోపాలూ ఉన్నాయి. పెద్దల సభలో ఆడవాళ్లకు చోటు దక్కలేదు. తూర్పు అంచున ఉన్న లాస్ అనోద్ జనం తమ మాట చెల్లడం లేదని 2023లో తిరగబడ్డారు. అక్కడ కూడా పగులు పుట్టింది అంచులోనే.

రెండోది బూగన్‌విల్. పపువా న్యూ గినీలోని ద్వీపం. పాంగునా అనే పెద్ద రాగి గని తమ నేలనూ నదినీ తినేస్తుంటే అక్కడి మూలవాసులు 1988లో తిరగబడ్డారు. 1989లో గని మూతపడింది, యుద్ధం మాత్రం దాదాపు పదేళ్లు సాగింది. వేల మంది పోయారు. అప్పుడు న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, ఫిజీ, వనువాటు నుంచి వచ్చిన శాంతి పర్యవేక్షకుల చేతుల్లో ఆయుధాలు లేవు. తుపాకీ లేకుండా ఊరూరు తిరిగారు. భూమి తల్లి వైపు నుంచి వచ్చే ఆ సమాజంలో సంధి కుదర్చడంలో ఆడవాళ్లు ముందు నిలబడ్డారు. 2001లో ఒప్పందం, 2019లో జనాభిప్రాయ సేకరణ. 97 శాతానికి పైగా స్వతంత్రం కావాలన్నారు. ఆ తీర్పు అమలు సంగతి వేరే కథ. కానీ చంపుకోవడం ఆగింది. ఎందుకు ఆగింది? భూమి ఎవరిది అనే ప్రశ్నను పక్కకు నెట్టకుండా మాట్లాడారు కాబట్టి.

మన సరిహద్దు కూడా సరిహద్దే

బాలాపూర్‌లో రోహింగ్యాల బస్తీల పక్కన నిలబడితే నాకు ములుగు, భద్రాచలం అడవుల్లోని గుత్తికోయల గుడిసెలు యాదికొచ్చినయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైనప్పుడు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి ఇటు దాటి వచ్చినోళ్లు. రాజ్యాన్ని కాపాడతామని చెప్పి ఆదివాసీ చేతికే తుపాకీ ఇచ్చి ఆదివాసీ మీదికే పంపారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది, కానీ విడిచి వచ్చిన ఊరు తిరిగి రాలేదు. కుల పత్రం కోసం, గుడిసె కోసం, చెలిమె నీళ్లు కాకుండా బోరు నీళ్ల కోసం ఇప్పటికీ తిప్పలు పడుతున్నరు.

వాళ్లు దేశం దాటలేదు, రాష్ట్రం దాటారు. కాబట్టి ప్రపంచం లెక్కలో వాళ్లు శరణార్థులు కారు. ఏ సూచీలోనూ కనపడరు. రోహింగ్యాల చేతిలో కనీసం ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డు ఒకటి ఉంటుంది, అది ఇక్కడ ఎంతవరకు చెల్లుతుందనేది వేరే సంగతి. గుత్తికోయ చేతిలో అది కూడా లేదు.

కొందరు మిత్రులు అంటరు: "ఇప్పుడు అడవిలో రోడ్డు పడుతున్నది, క్యాంపు వస్తున్నది, టవర్ వస్తున్నది. రాజ్యం వచ్చినట్టే కదా?" రోడ్డూ టవరూ వద్దని నేను అనను. నిండు గర్భిణికి రోడ్డు కావాలి, చదువుకునే పిల్లకు సిగ్నల్ కావాలి. అయితే నిజాం కూడా జోడేఘాట్‌కు పోలీసుల్ని పంపగలిగిండు. పంపగలగడం బలం అనుకున్నడు. తుపాకీ పట్టుకొని ఊరికి రాగలిగిన రాజ్యం బలమైన రాజ్యం అయిపోదు. ఊరి అర్జీ తీసుకొని జవాబు చెప్పగలిగిన రాజ్యమే బలమైనది.

ఆ జవాబు చెప్పే దారులు మన దేశంలో రాసి పెట్టే ఉన్నాయి. 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభను అడగాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం దున్నుకుంటున్న భూమికే కాదు, ఊరుమ్మడి అడవికి కూడా హక్కు పత్రం ఇవ్వాలి. ఏజెన్సీ బడుల్లో మన పిల్లలే పంతుళ్లు కావాలని 2000లో వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, దాని జాగల గట్టి చట్టం తేవాల్సిన పని సర్కార్లది. ఇవి మనకు దయతలచి ఇచ్చే పథకాలు కావు. రాజ్యం అంచులు పగలకుండా పట్టుకునే కుట్లు. కుట్టు తెంపినోడే గుడ్డ చినిగిందని మనల్ని తిడుతున్నడు.

తమ్మునికి నా జవాబు

తమ్మీ, ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్తున్న.

ఈ రాజ్యం మనదైందా అని అడిగినవు. పూర్తిగా కాలేదు, నిజమే. కానీ అది కూలితే మనదైతది అనుకోకు. నిజాంది కూలినప్పుడు కాలేదు. మనదైతే అది కూలదు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవాలి. గ్రామసభలో నువ్వు లేచి తీర్మానం రాయిస్తే, మినిట్స్ పుస్తకం సెక్రటరీ ఇంట్లో కాకుండా గూడెంలో ఉంచితే, ఊరుమ్మడి అడవికి దరఖాస్తు పెట్టి రసీదు అడిగి తీసుకుంటే, రాయి సెంటర్‌లో పెద్దలతో పాటు ఆడపిల్లలను కూర్చోబెడితే, అదే రాజ్యాన్ని నిలబెట్టే పని. ఐక్యరాజ్యసమితి నుంచి ఎవరో వచ్చి చేసేది కాదు. వాళ్లు వచ్చినా చౌమహల్లా దాకా వస్తరు, మార్లవాయి దాకా రారు. వచ్చినోళ్లు ఒకరిద్దరే.

ఇంకో మాట. పాతబస్తీ మనది కాదు అనుకోకు. 1948లో అక్కడి బీదోడూ అడవిలోని మనోడూ ఒకే గోడ కింద పడ్డరు. ఇవ్వాళ బాలాపూర్‌లో కాగితం లేనోడు, ములుగు అడవిలో కాగితం లేనోడు ఒకే బాధ పడుతున్నరు. వాళ్ల గురించి ఎవరన్నా తప్పుగా మాట్లాడితే, మన గురించి కూడా రేపు అదే మాట అంటరని యాది పెట్టుకో.

భీం అర్జీ పట్టుకొని వచ్చిన దారిలోనే నువ్వు బస్సెక్కి చదువుకోవడానికి వచ్చినవు. ఆనాడు గడప దాటనియ్యలేదు. ఈనాడు నువ్వు లోపలికి వచ్చి అడిగే జాగల ఉన్నవు. అడుగు. జవాబు వచ్చేదాకా అడుగు.

జల్, జంగల్, జమీన్!
జై ఆదివాసీ!